ఆసూ రాజూ చేతికొచ్చాక ఆగడమెందుకు?

నో-లిమిట్ పోకర్ మీద పుస్తకాలు కోకొల్లలు. అన్నిటిదీ ఒకటే నస: ఆగు, చూడు, లెక్కెయ్యి, అవసరమైతే పారెయ్యి. డబ్బు పెట్టి ఆటకు కూర్చున్న మనిషికి చెప్పాల్సిన మాటలేనా ఇవి? పొదుపే కావాలనుకుంటే పోస్టాఫీసులో ఆర్‌డీ కట్టుకునేవాళ్లం కదా! ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు. జోడీ కాని గొప్ప ముక్కలు, ముఖ్యంగా ఆసూ రాజూ కలిసి పడ్డప్పుడు తెగువ ఉన్న ఆటగాడు ఎలా నడుచుకోవాలో ఇందులో వరసగా ఉంది.

ఆట కొత్తవారికి రెండు ముక్కల్లో: ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు మూసి ఇస్తారు. తర్వాత బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు తెరుస్తారు. మొదట మూడు, అది ఫ్లాప్. ఆపైన ఒకటి, టర్న్. చివర ఒకటి, రివర్. ఈ ఏడింట్లో మేలైన ఐదు ఎవరికి కుదిరితే పాట్, అంటే మధ్యలో పోగైన సొమ్ము, వాళ్లది. ప్రతి మజిలీలోనూ పందెం కాయొచ్చు (ఎదుటి పందేనికి సమానంగా పెడితే కాల్, పెంచితే రైజ్, ఏమీ కాయకుండా ఊరుకుంటే చెక్), కావాలంటే ముందున్న చిప్స్ మొత్తం ఒకేసారి తోసెయ్యొచ్చు. మన మూడుముక్కలాటలో చేతికొచ్చిందే తుది. ఇక్కడ చేతికొచ్చింది సగం కూడా కాదు. ఈ చివరి వాక్యాన్ని మరిచిపోవడమే మన పద్ధతికి పునాది.

ఈ ఆట టెక్సస్‌ది. రాబ్స్‌టౌన్ అనే ఊరు దీని పుట్టిల్లని 2007లో ఆ రాష్ట్ర చట్టసభ తీర్మానించింది కూడా. ఆ టెక్సస్‌లోనే, డాలస్ శివార్లలో, శుక్రవారం రాత్రి పిల్లలు పడుకున్నాక మేడ మీది గేమ్ రూముల్లో బిర్యానీ ట్రేలు పక్కన పెట్టుకుని మనవాళ్లు ఆడేదీ ఇదే. ఉదాహరణలకు అలాంటి బల్లనే తీసుకుందాం. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, అంటే బ్లైండ్లు, ఒక డాలరు, రెండు డాలర్లు. ఒక్కొక్కరి ముందు రెండు వందల డాలర్ల చిప్స్.

1. చూడగానే గెలిచినట్టు జమ కట్టుకోండి

52 ముక్కల్లోంచి రెండేసి చొప్పున 1,326 రకాలుగా పడొచ్చు. అందులో ఆసు–రాజులు, అంటే పోకర్ వాళ్లు పిలిచే ‘ఏకే’లు, 16. సుమారు 83 హ్యాండ్లకు ఒకసారి. గంటకు ముప్ఫై హ్యాండ్లు పంచే బల్ల మీద దాదాపు మూడు గంటలకో దర్శనం. అంతసేపూ తొమ్మిది–నాలుగులూ, ఎనిమిది–రెండ్లూ పారేస్తూ ఓపిక పట్టారు. కాబట్టి ఇప్పుడు వచ్చినవి ముక్కలు కావు, మీకు రావాల్సిన బకాయి. బకాయి వసూలుకు బయల్దేరినవాడు ఎదుటివాడి ఇబ్బందులు వింటూ కూర్చోడు.

లెక్కలవాళ్లు అడ్డొస్తారు. జోడీ పడేదాకా ఏకే ఇంకా ఏమీ కానట్టేనంటారు. ఫ్లాప్‌లో ఆసో రాజో తగిలేది నూటికి 32 సార్లేనట. ఐదు ముక్కలూ తెరిచి చూసినా నూటికి 49కి మించదట. రింగురోడ్డు వస్తుందని చెప్పి అమ్మిన ప్లాటు లాంటిది ఏకే అని వాళ్ల భావం: కాగితం మీద కోటి, ప్రస్తుతానికి తుమ్మచెట్లు. ఆ లెక్క అక్షరాలా నిజం. అయితే ఏం? మనవాళ్లు అలాంటి ప్లాట్లు కొనడం మానేశారా?

రుజువు అడిగితే రెండు సంవత్సరాలు చెప్పండి. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌ను 2011లో జర్మనీ కుర్రాడు పియస్ హైంజ్ ఏకేతోనే ముగించాడు. 2013లో రయన్ రీస్ చివరి హ్యాండ్ కూడా ఏకేనే. 2003లో క్రిస్ మనీమేకర్ 5–4తో, 2005లో జో హాషెమ్ 7–3తో గెలిచారని ఎవరైనా గుర్తు చేస్తే అవి యాక్సిడెంట్లని కొట్టిపారేయండి. మనకు నచ్చిన సంవత్సరాలే చరిత్ర.

ఏకేకు అమెరికా బల్లల మీద టెన్నిస్ తార అన్నా కోర్నికోవా పేరు పెట్టి ఏడిపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, గెలవదు అని. ఆమె డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఒక్కటీ గెలవలేదన్నది నిజమే. కానీ మార్టినా హింగిస్‌తో కలిసి 1999లోనూ 2002లోనూ ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచింది. జత కుదిరితే గెలుపు, కుదరకపోతే లేదు. ఏకే గురించి తెలుసుకోవాల్సిందంతా ఇందులోనే ఉంది కాబట్టి ఈ పేరాను దాటేయండి.

2. రైజ్ చేయండి, ఎంతన్నది మనసుకు వదిలేయండి

మిగతా పుస్తకాలతో మనకు ఒక్కచోట మాత్రం మాట కలుస్తుంది. ఏకేతో ఊరికే కాల్ చేసి కూర్చోవద్దు. రైజ్ చేయాలి. ముందే ఎవరైనా రైజ్ చేసి ఉంటే చాలాసార్లు దాని మీద మళ్లీ రైజ్ చేయాలి. ఎదుటివాళ్లు పారేస్తే ఏమీ తగలకుండానే పాట్ మనది. పారేయకపోయినా ఆటలో జనం తగ్గుతారు. ఏ ముక్కలున్నాయో తెలియని ఒక్కడి మీద ఏకే నూటికి 65 సార్లు గెలుస్తుంది. నలుగురు పోగైతే అది సగానికి బాగా కిందికి పడిపోతుంది. ఆ పుస్తకాలు ఈ మాట చెప్పి ఆపేస్తాయి. మనం మొదలుపెట్టేదే ఇక్కడ.

ఎప్పుడూ ఎనిమిది డాలర్లు రైజ్ చేసే మీరు ఏకే రాగానే ముప్ఫై చేయండి. ముందుకు వంగి కూర్చోండి. చేతిలోని ఫోన్ బోర్లా పెట్టండి. ‘ఏంటన్నా, ఏకేనా?’ అని పక్కవాడు అడుగుతాడు. అడగనివ్వండి. చిన్న ముక్కలవాళ్లంతా దండం పెట్టి పారేస్తారు. ఆసుల జోడీ, రాజుల జోడీ ఉన్నవాళ్లు మాత్రం కదలరు. పోటీ అంటూ పడితే పెద్దవాళ్లతోనే పడాలి.

ముందున్న చిప్స్ లెక్క కూడా మనకు అనవసరం. టోర్నమెంట్‌లో పది పదిహేను బిగ్ బ్లైండ్లే మిగిలినప్పుడు ఏకేతో ‘ఆల్ ఇన్’ అనడం నిపుణులూ ఒప్పుకునే పనే. పదిహేనుకు మంచిదైనది మూడు వందలకు ఇరవై రెట్లు మంచిది కావాలి కదా! బాగా గెలిచి మీ ముందు ఆరు వందల డాలర్లు పోగైన రాత్రి ఆ ఆరు వందలూ తోసెయ్యండి. బల్ల మీద ఉన్నవి మూడు డాలర్ల బ్లైండ్లు. దాదాపు అందరూ పారేస్తారు, మూడు డాలర్లూ మీవే. ఎప్పుడో ఒకసారి అంతే చిప్స్ ఉన్నవాడొకడు కాల్ చేస్తాడు, వాడి దగ్గర మిమ్మల్ని మించినవే ఉంటాయి. మూడు డాలర్ల కోసం ఆరు వందలకు ఎదురొడ్డే గుండె ఎంతమందికి ఉంటుంది?

3. కుర్చీ బిర్యానీకి దగ్గరగా ఉంటే చాలు

ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు చివర మాట్లాడాలి అన్నది పోకర్‌లో పెద్ద విషయమని చెబుతారు. పంచే వంతుకు గుర్తైన బటన్ ముందున్నవాడు ఫ్లాప్ తర్వాత ప్రతిసారీ అందరికంటే చివర మాట్లాడతాడు. ఎవడు జంకాడో, ఎవడు ఎగిరాడో చూసి తన సంగతి తేల్చుకుంటాడు. అవే ఏకే ముక్కలు మొదట మాట్లాడే కుర్చీలో ఉంటే చీకట్లో బాణం వేసినట్టేనట. మనకు ఈ బాధ లేదు. ఎదుటివాళ్లు ఏం చేసినా మనం చేసేది ఒకటే కాబట్టి ముందైనా చివరైనా తేడా రాదు. ట్రే అందేచోట, టీవీ కనిపించేచోట కూర్చోండి.

4. జోడీలను చులకనగా చూడండి

బల్ల మీద మనల్ని బాగా అవమానించే లెక్క ఒకటుంది. చేతిలో రెండ్ల జోడీ ఉన్నవాడు, పేకలోకెల్లా చిన్న జోడీ ఉన్నవాడు, రంగు కలవని ఏకేకు ఎదురుపడితే గెలుపు వాడికే కాస్త మొగ్గుతుంది. మనకు నూటికి 47. రాణుల జోడీ ఎదురైతే 43. రాజుల జోడీ ఎదురైతే 30. ఆసుల జోడీ ఎదురైతే నూటికి ఏడే. ఈ అంకెలను పట్టించుకోకండి. రాజు చేతిలో ఉండగా రెండుకు భయపడడం రాచరికానికే మచ్చ.

పుస్తకాల్లో మనకు పనికొచ్చే మాట కూడా ఒకటి దొరుకుతుంది. మన దగ్గర ఒక ఆసు ఉంది కాబట్టి ఎదుటివాడికి ఆసుల జోడీ కుదిరే తీర్లు ఆరు నుంచి మూడుకు పడిపోతాయి. రాజులదీ అంతే. మొత్తం పన్నెండు కాస్తా ఆరవుతాయి. ఏకేతో మళ్లీ రైజ్ చేయడంలో ఉన్న బలం నిజంగా ఇదే. మనం దీన్ని ఇంకొంచెం సాగదీద్దాం: సగానికి తగ్గింది సున్నాకు తగ్గినట్టే.

ఉదాహరణకు మూల కుర్చీలో మావయ్యగారు. వచ్చినప్పటినుంచీ ఒక్క రైజ్ లేదు, మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. మీరు రైజ్ చేశారు, ఆయన మళ్లీ రైజ్ చేశారు. మీరు దాని మీద పెంచారు. ఆయన కళ్లజోడు సర్దుకుని ‘ఆల్ ఇన్ అమ్మా’ అన్నారు. మిగిలిన ఆ ఆరు తీర్లలో ఒకటే ఆయన చేతిలో ఉంటుందని పిరికివాడు గ్రహిస్తాడు. మీరు మాత్రం, పాపం పెద్దాయనకు విసుగొచ్చి ఇంటికి వెళ్దామనుకుంటున్నారని అర్థం చేసుకుని కాల్ చేయండి.

5. ఫ్లాప్ తగలకపోతే గొంతు పెంచండి

అసలు విద్య ఇక్కడుంది. నిదానంగా చదవండి.

మీరు బల్ల మధ్యలో ఉన్నారు. చేతిలో ఇస్పేటు ఆసు, డైమను రాజు. పది డాలర్లు రైజ్ చేశారు. బటన్ మీద బావగారు కాల్. బ్లైండ్లలో ఉన్న తమ్ముళ్లిద్దరూ కాల్. పాట్ 40 డాలర్లు. ఫ్లాప్: ఆటీను తొమ్మిది, ఆటీను ఎనిమిది, కళావరు ఆరు. మీకు తగిలింది గాలి. తమ్ముళ్లిద్దరూ చెక్ అన్నారు. మీ వంతు.

ఎదురుగా ఒక్కడే ఉంటే సగం పాట్ పందెం కాయొచ్చని పుస్తకాలూ ఒప్పుకుంటాయి. జోడీ లేకుండా వచ్చినవాడికి మూడింట రెండుసార్లు ఫ్లాప్ తగలదు. 40 ఉన్న పాట్‌కు 20 కాసినప్పుడు వాడు మూడింట ఒకసారి పారేసినా మన అసలు మనకు వస్తుంది. ముగ్గురుంటే మాత్రం కథ వేరట. ముగ్గురికీ తగలకపోవాలంటే మూడింట రెండును మూడుసార్లు గుణించాలట. 27లో 8, అంటే నూటికి 30. పైగా తొమ్మిది, ఎనిమిది, ఆరు అనేవి కాల్ చేసి వచ్చేవాళ్ల చేతుల్లో తిరిగే ముక్కలు. రైజ్ చేసిన మీకు ఆ ఫ్లాప్ తగిలిందని నమ్మేవాడు ఉండడు. కాబట్టి చెక్ అని ఊరుకోమంటారు.

తేడా ఎక్కడొచ్చిందో చూశారా? వాళ్లు గుణించారు. మనం కూడతాం. ఒక్కొక్కడు పారేసే అవకాశం 67 అయితే ముగ్గురికి 201. నూటికి రెండు వందల ఒక్క శాతం! ఇంత భరోసా ఏ బ్యాంకూ ఇవ్వదు.

ఆ భరోసాతో 30 కాయండి. బావగారు కాల్. ఒక తమ్ముడు పారేశాడు, ఇంకొకడు కాల్. పాట్ 130. టర్న్ కళావరు రెండు. ఎవరికీ ఏమీ మారలేదు, మీకు అసలే మారలేదు. 90 కాయండి. ఆ తమ్ముడూ పారేశాడు. బావగారు చికెన్ ముక్క నములుతూనే కాల్. పాట్ 310. రివర్ డైమను నాలుగు. మీ ముందు మిగిలినవి 70. తోసెయ్యండి.

బావగారి వైపు నుంచి చూస్తే 70 పెట్టి 380కి పోటీ పడుతున్నారు. ఆరింట ఒకసారి గెలిచినా ఆయనకు గిట్టుబాటే. ఆ ధరకు పారేసేవాడు ప్రపంచంలో ఉండడు. పది–తొమ్మిది తెరిచి చూపించారు. తొమ్మిదుల జోడీ. మీ మేకపోతు గాంభీర్యానికి ఖరీదు రెండు వందల డాలర్లు, అందులో 190 మీ చేతిలో ఏమీ లేదని మీకు తెలిశాక పెట్టినవే.

అయినా తప్పు మీది కాదు. బావగారికి పారేయడం చేతకాదు. అంతే.

6. పారేయనివాడినే బెదిరించండి

బల్ల మీద రెండు జాతులుంటాయి. పందెం పడగానే ముక్కలు వదిలేసే బెరుకు మనిషి ఒకరు. ‘ఎంతైతే ఏంటి, చూద్దాం’ అని ప్రతిదానికీ కాల్ చేసే బావగారు ఇంకొకరు. బెరుకు మనిషి మీద ఖాళీ చేత్తో కొట్టాలి, బావగారి మీద తగిలినప్పుడే కొట్టాలి అన్నది పాత పద్ధతి. బెరుకు మనిషిని బెదిరించి డబ్బు లాక్కోవడం మానవత్వమేనా? ఆయన జోలికి పోకండి. బావగారితోనే పెట్టుకోండి. ఇవాళ కాకపోతే వచ్చే శుక్రవారం, అదీ కాకపోతే దసరా లోపల ఆయనకు పారేయడం వస్తుంది. ఆ చదువుకయ్యే ఫీజు మీరు కడుతున్నారు.

7. చుట్టాలకూ అదే మర్యాద

ఏకేకు తోబుట్టువులున్నాయి: ఆసు–రాణి, ఆసు–జాకీ, రాజు–రాణి. బొమ్మలు బొమ్మలే కదా అని అన్నిటినీ ఒకేలా ఆడండి. ఆసు–రాణి ఉన్నవాడు గట్టి రైజ్‌కు ఎదురెళ్లి ఏకేను ఢీకొంటే గెలిచేది సుమారు నాలుగింట ఒకసారే. ఆసు పడితే ఇద్దరికీ జోడీ, పక్క ముక్క పెద్దదైన వాడిదే పాట్. తగిలినప్పుడే ఎక్కువ పోగొట్టుకునే విచిత్రమైన అదృష్టం అది. తగలకపోతే పోయేది తక్కువ.

టెక్సస్ దిగ్గజం డాయిల్ బ్రన్సన్‌కు ఈ ఆసు–రాణి అంటే పడేది కాదని పోకర్ లోకంలో పేరు. అదే మనిషి 1976లోనూ 1977లోనూ మెయిన్ ఈవెంట్‌ను పది–రెండుతో గెలిచాడు. దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది, ఏ ముక్కలైనా గెలుస్తాయని. ఆ రెండుసార్లూ రివర్ దగ్గరికొచ్చేసరికి ఆయనకు ఫుల్ హౌస్ కుదిరిందన్న చిన్న సంగతి మనకు అక్కర్లేదు.

8. రంగు కలిస్తే రెట్టింపు ధైర్యం

రెండూ ఆటీన్లే అయినప్పుడు చొక్కాకు మ్యాచింగ్ ప్యాంటు దొరికినంత ఆనందం. నిజానికి రంగు కలవడం వల్ల పెరిగేది నూటికి రెండు మూడు మాత్రమే. రాణుల జోడీ మీద 43 కాస్తా 46 అవుతుంది. ఫ్లాప్‌లోనే ఐదూ ఒకే రంగు కుదిరేది సుమారు 119లో ఒకసారి. చేతిలోని రంగులోనే పది నుంచి ఆసుదాకా వరసగా పడి రాయల్ ఫ్లష్ అయ్యేది, ఐదు ముక్కలూ చూస్తే, సుమారు 1,960లో ఒకసారి. మీరు ఆ 1,960వ సారి కోసం మిగతా 1,959 సార్లూ డబ్బు పెట్టండి. ఫొటో మాత్రం చాలా బాగా వస్తుంది.

9. జోడీ తగిలాక దేవుడొచ్చినా వదలొద్దు

ఎట్టకేలకు తగిలింది. ఫ్లాప్: ఆసు, ఏడు, రెండు, మూడూ మూడు రంగులు. మీకు ఆసుల జోడీ, పక్కన రాజు. ఇంతకంటే మంచి జోడీ కుదరదు. మీరు కాశారు, మజ్జిగ మావయ్యగారు కాల్. టర్న్ జాకీ. మీరు మళ్లీ కాశారు. ఆయన ఈసారి రైజ్ చేశారు.

చేతిలో జోడీతో వచ్చినవాడికి ఫ్లాప్‌లో మూడో ముక్క తగిలేది ఎనిమిది తొమ్మిదిసార్లలో ఒకసారి. అందుకే తక్కువ డబ్బుకు ఫ్లాప్ చూసి, తగిలితే పెద్ద పాట్ కొట్టాలని కాచుకుని కూర్చుంటారు. వాళ్లు కలలుగనేది సరిగ్గా మీలాంటి మనిషి గురించే: ఆసు తగిలింది, పారేయడం రాదు. ముందు వంద బిగ్ బ్లైండ్ల చిప్స్ ఉన్నప్పుడు ఒక్క జోడీ చిన్న పాట్‌కు సరిపోయే సరుకు, పెద్ద పాట్‌కు చాలదు అని అనుభవజ్ఞులు చెబుతారు. మీరు ఇల్లు కట్టే స్థాయిలో డబ్బు పోయండి. మావయ్యగారి ఏడుల జోడీకి మూడో ఏడు బల్ల మీదే పడి ఉందన్న అనుమానం రానేకూడదు. ఇంత పెద్దాయన అబద్ధమాడరా ఏం?

10. ఓడాక పాటించాల్సిన మర్యాదలు

మొదట పంచినవాడిని చూడండి. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లు అంటారు, పట్టించుకోకండి. ‘నువ్వు పంచితే నాకెప్పుడూ ఇంతే’ అని గట్టిగా చెప్పండి. తర్వాత పేక మార్చమనండి. ఆ తర్వాత కుర్చీ మార్చమనండి. మార్చాల్సిన మూడోదీ ముఖ్యమైనదీ ఒకటుంది గానీ అది ఆటతీరు, దాన్ని ముట్టుకోవద్దు.

పోయినచోటే వెతుక్కోవాలన్నారు పెద్దలు. ఇంకో రెండు వందలు దింపండి, ఆ రెండు వందలు పోతే నాలుగు వందలు. ఎంత పోతే లేవాలన్నది ఇంటినుంచి బయల్దేరేముందే నిర్ణయించుకునేవాళ్లుంటారు. అలాంటివాళ్లు త్వరగా వెళ్లిపోయి హాయిగా నిద్రపోతారు, అర్ధరాత్రి రెండు గంటల తర్వాత బల్ల మీద జరిగే గొప్ప ఘట్టాలు వాళ్లకు తెలియనే తెలియవు.

మర్నాడు కనిపించిన ప్రతివాడికీ హ్యాండ్ మొత్తం వినిపించండి. ‘ఏకే బ్రో! ప్రీ-ఫ్లాప్‌లో నేనే ముందున్నా!’ అని మొదలుపెట్టండి. ఫ్లాప్ తర్వాత మూడుసార్లు ఖాళీ చేత్తో కాసిన భాగం వచ్చినప్పుడు కాస్త వేగంగా చెప్పేసి, చివరి ముక్క దగ్గర నెమ్మదించండి.

సందేహాలు – సమాధానాలు

ప్ర: ఏకే ఎప్పుడైనా పారేయొచ్చా?
జ: బిర్యానీ వడ్డిస్తున్నప్పుడు.

ప్ర: ఎక్కువసార్లు గెలవాలా, ఎక్కువ డబ్బు గెలవాలా?
జ: రెండూ ఒకటే అనుకోవడం మన సంప్రదాయం. పది చిన్న పాట్లు గెలిచి, ఒక్క పెద్ద పాట్‌లో పదకొండు పాట్ల డబ్బు ఇచ్చి వస్తే స్కోరు పది–ఒకటి. మీరే గెలిచారు.

ప్ర: హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫోన్లో ప్రాక్టీసు చేయొచ్చా?
జ: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, నైపుణ్యం ఆటైనా సరే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడించకూడదని. మీ బాబాయి ఒకాయన ‘రమ్మీ నైపుణ్యం ఆటని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే’ అని వాదిస్తాడు. నిజమే చెప్పింది. అదే తీర్పు మూడుముక్కలాటను వట్టి అదృష్టం ఆటల్లో వేసింది. పైన చెప్పిన పది సూత్రాలతో ఆడితే పోకర్ ఏ కోవకు వస్తుందో కోర్టు దాకా వెళ్లకుండానే తేలిపోతుంది.

ప్ర: మరి రోజూ గెలిచేవాళ్లు ఏకేతో ఏం చేస్తారండీ?
జ: రైజ్ చేస్తారు. వీలు చూసి మళ్లీ రైజ్ చేస్తారు. ఇంతవరకూ మనవాళ్లే. అక్కణ్నుంచి పాడైపోతారు. ఎంతమంది మిగిలారు, ఎవరి ముందు ఎంతుంది, చివర మాట్లాడేది ఎవరు, ఈ ఫ్లాప్ ఎవరికి అతుకుతుంది అని చూస్తారు. ఒక్కడే ఉంటే ఒకసారి కొడతారు. అతను కదలకపోతే ఊరుకుంటారు. ముగ్గురుంటే, ఏమీ తగలకపోతే, పదో డాలరు దగ్గరే వదిలేసి మంచినీళ్లు తాగుతారు. వదిలేసినప్పుడు ముఖంలో బాధ కూడా ఉండదు. ఆసూ రాజూ పట్ల కనీస గౌరవం లేని మనుషులు.

ప్ర: మా బల్ల మీద ఒకాయన అచ్చం మీరు రాసినట్టే ఆడతాడు. ఆయనకు సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతున్నాడు. అందరం దిగులుగా ఉన్నాం. ఏం చేయమంటారు?
జ: వెళ్లనివ్వకండి. అందరూ చందాలు వేసుకునైనా ఆపండి. అద్దె కట్టండి, పిల్లల బడి ఫీజు కట్టండి, ప్రతి శుక్రవారం ఇంటినుంచి తీసుకొచ్చి మళ్లీ దింపండి, మొదటి రెండు వందలు కూడా మీరే పెట్టండి. అంత చేసినా మీకు మిగులుతుందని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. బల్ల బల్లంతా ఒక మనిషిని ఇంతగా ప్రేమిస్తోందంటే ఈ సూత్రాలు పనిచేస్తున్నట్టే కదా! ఆయన అడ్రసు పంపండి, తర్వాతి ముద్రణకు ముందుమాట ఆయన చేతే రాయిస్తాను.